ఆటల ఉత్తరాలు: దేవరకొండ సారు ట్రంకుపెట్టె

పోయిన నెల ఈ పేజీ అడుగున నాలుగు లైన్లు వేశాను, యుద్ధపు ఆటలకు సినారియోలు రాసే మా దేవరకొండ సారు నల్లగొండలో పోయారని. చోటు లేక అంతే రాశాను అనుకున్నారు కొందరు. చోటుంది, చెయ్యి ఆడలేదు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయన గురించే ఉన్నాయి కాబట్టి చదరంగం ప్రశ్నలు, క్యారమ్స్ తగాదాలు పక్కనబెట్టి ఇవే తీసుకుంటున్నాను. చదరంగం వాళ్ళు కోప్పడొద్దు, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మీరు రాసింది మా ఇంట్లో నలుగురం చదివాం, నలుగురికీ అర్థం కాలేదు. యుద్ధపు ఆట అంటే పిల్లలు ఫోన్లో తుపాకులతో కాల్చుకునేదేనా? దానికి సినారియో రాయడమేమిటి, సినిమాకు కథ రాసినట్టా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఫోన్ ఆట కాదండీ. బల్ల మీద ఒక పటం పరుస్తారు. దాని మీద తేనెపట్టులాగా ఆరు మూలల గడులుంటాయి. చదరపు గడులైతే ఎదురుగా ఒక అడుగు, మూలకు దాదాపు ఒకటిన్నర అడుగు అవుతుంది, ఆరు మూలల గడిలో ఆ పేచీ లేదు, ఎటు కదిలినా దూరం ఒకటే. చిన్న చిన్న అట్టబిళ్ళలే సైన్యాలు. కదలడానికి లెక్క, కొట్లాటకు డైస్. ఇప్పటి జర్మనీ వైపు ఉండిన ప్రష్యా రాజ్యపు సైన్యంలో రైస్విట్జ్ అనే ఆఫీసరు 1824లోనే ఇలాంటి ఆటను తయారుచేసి సేనాధిపతికి చూపించాడు. ఇళ్ళలో ఆడుకునే రూపం మాత్రం అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో మొదలుపెట్టి, 1958లో అవలాన్ హిల్ కంపెనీ పెట్టాక వచ్చింది.

ఇక సినారియో. పులిమేక మీకు తెలుసు కదా. అది ఎప్పుడు ఆడినా ఒక్కలాగే మొదలవుతుంది. ఇప్పుడు ఎవరో వచ్చి, “ఇవాళ ఒక పులి కుంటిది, రెండు వంతులకోసారే కదులుతుంది, మేకల్లో అయిదు పొద్దుగూకేలోపల ఆ మూలనున్న చెరువుకు చేరితే చాలు, మిగతావి చచ్చినా మేకలు గెలిచినట్టే” అన్నారనుకోండి. రూల్స్ అవే, కానీ ఆట వేరైపోయింది, ఏ మేకను వదులుకోవాలన్న బెంగ మొదలైంది. అదే సినారియో. ఏ చోటు, ఏ రోజు, ఎవరి దగ్గర ఎంత, ఎన్ని వంతులు, ఆలస్యంగా వచ్చేదెవరు, ఏం చేస్తే గెలుపు. ఆట చేసినవాడి పేరు పెట్టె మీద ఉంటుంది, సినారియో రాసినవాడి పేరు చాలాసార్లు ఒక కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. జాన్ హిల్ అనే ఆయన 1977లో చేసిన స్క్వాడ్ లీడర్ అనే యుద్ధపు ఆట పెట్టెలో పన్నెండు సినారియోలే వచ్చాయి. ఆడేవాళ్ళు అక్కడ ఆగలేదు, సొంతంగా రాసుకుంటూ పోయారు, ఇప్పటికీ రాస్తున్నారు. హిల్ 2015లో పోయాడు, ఆయన ఆట మీద కాగితాలు ఇంకా పుడుతూనే ఉన్నాయి.

మా సారు ఆ కాగితాల మనిషి. బళ్ళో సోషల్ చెప్పి రిటైరయ్యారు. రూల్స్ ఎవరివో తెచ్చుకునేవారు, రోజులు మాత్రం మన దగ్గరివి.

ప్రశ్న: ఆయనది మా ఊరు కాదని తెలిసింది. మరి దేవరకొండ సారు అనే పేరెలా వచ్చింది? మా కోట మీద ఆడుకోవడానికి ఏముంది, మేకలు మేపుకుంటారు అక్కడ.
— దేవరకొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఊరి మీద ఆయన రాసిన సినారియో వల్లే ఆ పేరు. ఆయన సొంతూరు నకిరేకల్ వైపు. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే ఒక్కక్షణం ఆలోచించి పలికేవారు.

కథ ఇది. 1450ల చివర్లో బహమనీ సుల్తాను హుమాయూన్ సైన్యం దేవరకొండను ముట్టడించింది. లోపల రేచర్ల పద్మనాయకులు. వాళ్ళు ఒరిస్సా కపిలేశ్వర గజపతికి కబురు పంపారు, అక్కడి నుంచి సైన్యం బయల్దేరింది. ఫెరిష్టా అనే పాత పర్షియన్ చరిత్రకారుడు రాసిన చరిత్రలో అసలు ముక్క ఒకటుంది: గజపతి సైన్యం దగ్గర పడుతోందని తెలిసి, ముట్టడిదార్ల సేనానుల్లో ఒకడు ఈ కొండల మధ్య నుంచి లేచి మైదానంలోకి పోదాం అన్నాడు, రెండోవాడు అలా లేస్తే పారిపోయినట్టుంటుంది, ఉందాం అన్నాడు. ఉన్నారు. ముందు నుంచి కోటవాళ్ళు, వెనక నుంచి వచ్చినవాళ్ళు పడి నలిపేశారు.

ఇది చదివిన ఎవరైనా కోట ఎంత ఎత్తు, ఏనుగులెన్ని అని లెక్క మొదలుపెడతారు. సారుకు పట్టింది ఆ ఇద్దరి మధ్య మాట కుదరకపోవడం. అందుకని ఆయన బహమనీ పక్షాన్ని ఒకరికి ఇవ్వలేదు, ఇద్దరికిచ్చారు. ప్రతి వంతుకూ ఇద్దరూ మాట్లాడుకోకుండా చెరొక చీటీ రాయాలి, ‘ఉండు’ అనో ‘లే’ అనో. చీటీలు కలిస్తేనే సైన్యం కదులుతుంది. కలవకపోతే ఆ వంతు పోయినట్టే. గజపతి సైన్యం ఎన్నో వంతుకు వస్తుందో ఆట మొదలుకాకముందే రాసి అగ్గిపెట్టెలో పెట్టేవారు, అది బల్ల మధ్యలో అందరి కళ్ళముందే ఉంటుంది, ఎవరూ తెరవకూడదు. ఆ అగ్గిపెట్టె వైపు చూస్తూ కూర్చుంటే వచ్చే టెన్షన్ మామూలుది కాదు.

గెలుపు షరతు కూడా విచిత్రం. బహమనీ వాళ్ళు కోట పట్టాల్సిన పని లేదు. చరిత్రలో నష్టపోయిన దానికంటే తక్కువ నష్టంతో బయటపడితే గెలిచినట్టే. “ఓడిపోయే పక్షానికి కూడా చెయ్యడానికి ఒక మంచి పని ఉండాలయ్యా” అనేవారు.

నేను మొదటిసారి ఆడింది ఇదే. పాలమూరు నుంచి నేనూ మా దోస్తు బస్సెక్కి వచ్చాం, ఇద్దరికీ బహమనీ పక్షమే పడింది. నాలుగు వంతులు వరసగా నేను ‘లే’, వాడు ‘ఉండు’. అయిదో వంతుకు నాకు బుద్ధొచ్చి ‘ఉండు’ అని రాస్తే, వాడు నన్ను చూసి మనసు మార్చుకుని ‘లే’ అని రాశాడు! అగ్గిపెట్టె తెరిచేసరికి అయిపోయింది. సారు ఇంట్లో పెట్టిన మిర్చిబజ్జీలు కూడా సరిగా తినకుండా లేచి వచ్చేశాం. తిరుగు బస్సు దేవరకొండ మీదుగానే కదా వెళ్ళేది, అప్పటిదాకా ఒక్క మాట లేదు. కొండ కనబడగానే వాడు కిటికీలోంచి చూసి, “వాళ్ళిద్దరూ కూడా ఇట్లనే ఇంటికి పోయింటరు రా” అన్నాడు. అంతే, ఇద్దరం పగలబడి నవ్వాం, కండక్టరు తిరిగి చూశాడు.

మేకలు మేపుకునే కోట అంటున్నారు. సారు ఆ మేకల దారులు చూసే పటం గీశారమ్మా. మేక ఎక్కగలిగిన చోట సిపాయి కూడా ఎక్కగలడు అని ఆయన లెక్క.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. ప్రతి ఆదివారం ఈ ఆట అని వెళ్తున్నాడు. డైస్ వేస్తారట, అది జూదమే అని మా ఆడపడుచు. పైగా యుద్ధం. వీడు రేపు మొండిగా, కొట్లాటగా తయారవుతాడేమోనని భయం.
— ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: పందెం కాస్తేనే జూదం, ఇక్కడ చాయ్ డబ్బులు తప్ప ఏమీ చేతులు మారవు. రెండు డైసులు వేస్తే ముప్పయ్యారు రకాలుగా పడతాయి, అందులో ఏడు ఆరు రకాలుగా వస్తుంది, రెండు ఒక్క రకంగానే వస్తుంది. ఈ లెక్క మీవాడికి ఆదివారం బల్ల మీద వచ్చేసి ఉంటుంది, అడిగి చూడండి. సారు దగ్గర మొదట్లో డైసులు లేక అష్టాచెమ్మ గవ్వలతోనే ఆడించేవారట, గవ్వ బోర్లా పడేదీ వెల్లకిలా పడేదీ సమానం కాదని అనుమానమొచ్చి ఒక్కో గవ్వనూ వందలసార్లు వేసి నోట్సు రాసుకున్నారు. అలాంటి మనిషి దగ్గర చేరిన పిల్లలు కొట్లాటకు పోరు, లెక్కకు పోతారు.

యుద్ధం సంగతి అంటారా, బొమ్మ సైనికులతో ఆడుకునే పద్ధతి మీద 1913లో పుస్తకం రాసిన ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ అందులోనే అసలు యుద్ధాన్ని తిట్టిపోశాడు, ఈ బుల్లి యుద్ధం ఎంతో నయం అన్నాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. మీ ఆడపడుచును ఒకసారి బల్ల దగ్గరికి పంపండి. కోటలో ధాన్యం లెక్క చూసే పని ఆమెకిస్తే ముట్టడి ఎవరూ గెలవలేరు.

ప్రశ్న: సారు దగ్గర ఆదివారాలు ఆడినవాళ్ళలో మేం నలుగురం మిగిలాం. పెద్దకర్మ అయ్యాక అమ్మ (సారు భార్య) పిలిచి ట్రంకుపెట్టె చూపించి, “పాతపేపర్లవాడికి వేయమంటారా, మీరు తీసుకుపోతారా” అని అడిగింది. అందులో తొమ్మిది పూర్తయిన సినారియోలు, పానగల్ ముట్టడి అని ఒకటి సగంలో ఉంది. దానికి రెండు పటాలు గీశారు, బలగాలు రాశారు, గెలుపు షరతు దగ్గర ఖాళీ. పక్కన పెన్సిల్‌తో ‘రోగం ఎవరి పక్క?’ అని ఉంది. ఇంకో పటం ఉంది, దాని మీద కోట లేదు, పేరు లేదు, ఒక దొర గడీ, రెండు బావులు, తాటిచెట్లు, బండ్లబాట. బిళ్ళల జాబితా కూడా లేదు. మాలో ఒకడు అన్నీ లామినేషన్ చేయించి దాచుదాం అంటాడు, ఒకడు పానగల్‌ను పూర్తిచేసి సారు పేరుతో అచ్చు వేయిద్దాం అంటాడు, ఇంకొకడు పాతవాటిలో కూడా ఒక పక్షం మరీ బలహీనంగా ఉంది, రెండు పక్షాలూ సమానమయ్యేట్టు సరిచేద్దాం అంటాడు. నాకేం తోచక మీకు రాస్తున్నా.
— నల్లగొండ

జవాబు: ముందు అమ్మ సంగతి. ఆమె పాతపేపర్లవాడు అన్నది ఆ కాగితాల మీద ప్రేమ లేక కాదు, రోజూ ఆ పెట్టె కళ్ళబడుతుంటే ఉండలేక. పెట్టె తీసుకెళ్ళండి. కానీ ఆమెను అడిగి ఒక నోట్‌బుక్ ఆమె దగ్గరే ఉంచండి, ఏది ఉంచాలో ఆమే తీస్తుంది. నెలకోసారి వెళ్ళి రండి, ఆట పనిమీద కాకుండా.

లామినేషన్ మాత్రం వద్దు తమ్ముడూ, చేతులెత్తి దండం పెడతా. వేడి, జిగురు కలిసి పాత కాగితాన్ని తినేస్తాయి, మళ్ళీ విడదీయలేరు. ప్రతి పేజీ రెండు వైపులా ఫోటో తియ్యండి, జిరాక్స్ తీయించండి, అసలువి పొడిగా ఉండే బీరువాలో పెట్టండి. ఆడేది జిరాక్సుల మీద.

ఇప్పుడు పానగల్. మీరంతా గమనించే ఉంటారు, సారు ఏ సినారియో అయినా పెన్సిల్‌తోనే మొదలుపెట్టేవారు, మూడుసార్లు ఆడించాకే పెన్నుతో దిద్దేవారు. మొదటి రెండు ఆటలూ తప్పులు దొరకడానికే అనేవారు. అంటే పెన్సిల్‌తో ఉన్నది ఆయన దృష్టిలో ఇంకా సినారియోనే కాదు, ఎవరో ఒకరు ఆడాలి. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి దణ్ణం పెట్టుకుంటే ఆ పెన్సిల్ గీతలకు అన్యాయం చేసినట్టే. పూర్తిచెయ్యండి. మీ రాత వేరే రంగు పెన్నుతో ఉండాలి, అచ్చులో కూడా ‘పటాలు, బలగాలు సారువి, గెలుపు షరతు మేం రాసింది’ అని తెలియాలి. ఆయన పేరు ఒక్కటే వేసి మీ తప్పులు ఆయన ఖాతాలో రాయొద్దు. రేపు ఆ షరతు బాగాలేదని ఎవరైనా తిడితే సారు వచ్చి జవాబు చెప్పుకోలేరు.

రెండు పటాలు ఎందుకున్నాయో నాకు తెలుసు, ఫోన్లో గంటలు గంటలు విన్నాను. పానగల్ పేరుతో మనకు రెండున్నాయి. ఒకటి నల్లగొండ పక్కనే, ఉదయసముద్రం చెరువు, ఛాయాసోమేశ్వరాలయం ఉన్నది. రెండోది వనపర్తి వైపు కొండకోట. బహమనీ ఫిరోజ్ షా 1417 ప్రాంతంలో పానగల్‌ను ముట్టడించి, దాదాపు రెండేళ్ళు కూర్చుని, సైన్యంలో మనుషులకూ గుర్రాలకూ రోగం తగిలి, చివరికి విజయనగర దేవరాయల చేతిలో ఓడిపోయాడు. ఆ పానగల్ మన చెరువుగట్టుదా, వాళ్ళ కొండదా అన్న దగ్గర సారు ఆగిపోయారు. నల్లగొండ అభిమానం ఒకవైపు, కొండకోట అయితేనే రెండేళ్ళు నిలబడుతుంది కదా అన్న అనుమానం ఒకవైపు. మీరు తేల్చకండి. రెండు పటాల మీదా ఆడండి, ఏ పటం మీద రెండేళ్ళ ముట్టడి నమ్మబుద్ధేస్తుందో చూడండి. ఆట వల్ల చరిత్ర రుజువు కాదు, అది నాకూ తెలుసు, కానీ ప్రశ్న పదునెక్కుతుంది.

‘రోగం ఎవరి పక్క?’ అన్నదానికి నా మాట చెప్తాను, మీరు కాదనొచ్చు. రోగం ఎవరి పక్కా కాదు, కూర్చున్నవాడి పక్క. ముట్టడిదారు ప్రతి వంతుకూ ఒక డైస్ వెయ్యాలి, ఎన్ని వంతులు కూర్చుంటే అన్ని డైసులు పెరగాలి. లేచిపోతే రోగం ఆగుతుంది, పరువు పాయింట్లు పోతాయి. అప్పుడు ఫిరోజ్ షా కుర్చీలో కూర్చున్నవాడికి ప్రతి వంతూ ఒకటే ప్రశ్న: ఇంకొక్క నెల ఉందామా? దేవరాయలు ఎప్పుడొస్తాడో మళ్ళీ అగ్గిపెట్టెలోనే పెట్టండి, అది సారు సంతకం.

ఇక సమానం చేద్దాం అంటున్న తమ్ముడికి. పూర్తయిన తొమ్మిదింటి మీద చెయ్యి వెయ్యొద్దు. సారు సినారియోల్లో బలహీనపక్షం కావాలనే బలహీనంగా ఉంటుంది. న్యాయం కావాలంటే పక్షాలు మార్చుకుని రెండుసార్లు ఆడండి, స్కోర్లు పోల్చుకోండి. అంత టైం లేదా, వేలంపాట పెట్టండి. మన వినాయకుడి లడ్డూ వేలంలో పైకి పాడతారు, ఇందులో కిందికి పాడాలి. బలమైన పక్షం నాకిస్తే పది వంతుల్లో ముగిస్తా అని ఒకడు, నేను తొమ్మిదిలో అని ఇంకొకడు. ఎవరు తక్కువకు పాడితే వాడికి ఆ పక్షం. కాగితం మీద ఒక్క అక్షరం మార్చకుండా పని అయిపోతుంది.

ఆ పేరులేని పటం గురించి కింది జవాబు చూడండి.

ప్రశ్న: మన జిల్లాలో తెలంగాణ సాయుధ పోరాటం అంత జరిగింది. ఎక్కడో బహమనీల మీద రాసిన ఆయన దాని మీద ఎందుకు రాయలేదు? పార్టీల గొడవ వస్తుందని భయపడ్డారా?
— సూర్యాపేట పాఠకుడు

జవాబు: ఇదే ప్రశ్న నేనూ అడిగాను, ఇంచుమించు ఇదే గొంతుతో. 1946 నుంచి 1951 దాకా నడిచిన పోరాటం, ఊరూరా గెరిల్లా దళాలు, దొరల గడీలు, రజాకార్లు, తర్వాత యూనియన్ సైన్యం, సినారియోలకు ఇంతకంటే ఏం కావాలి అని వాదించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ అట్టబిళ్ళల్లో ఒకటి మా మేనమామ అయితడు. దాని మీద బలం ఎంతని వెయ్యాలె, ఒకటా రెండా?” అన్నారు. అంతే, నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

భయం అనుకుంటే అనుకోండి, నేను అనుకోను. ఆరువందల ఏళ్ళ కిందటి సిపాయి కోసం ఏడ్చేవాళ్ళు ఇవాళ ఎవరూ లేరు, వీళ్ళ కోసం ఉన్నారు. అయినా ఈ విషయంలో నాకు సారుతో పూర్తిగా ఏకీభావం లేదు. ఎవరో ఒకరు రాస్తారు, రాయాలి కూడా. కానీ చనిపోయినవాళ్ళకు పాయింట్లు కట్టే పద్ధతిలో మాత్రం కాదు.

నల్లగొండ తమ్ముళ్ళూ, గడీ, రెండు బావులు, బండ్లబాట ఉన్న ఆ పటం నా అంచనాలో సారు మేనమామ ఊరిదే. ఆయన రాయనన్నారు గానీ గీయకుండా ఉండలేకపోయారు. పానగల్‌ను పూర్తిచెయ్యమన్న నోటితోనే చెప్తున్నా, దీన్ని పూర్తిచెయ్యొద్దు. గడులు కూడా వెయ్యొద్దు. అమ్మకు చూపించండి, ఏ ఊరో ఆమె చెప్తుంది, చెప్తే వెనక పేరు రాసి పెట్టండి. నా మాట నిజమైతే అమ్మ దగ్గర ఉండాల్సింది ఇదేనేమో.

ప్రశ్న: నేను డిగ్రీ ఫస్టియర్. సారు దగ్గర నేర్చుకుందామని అనుకుంటుండగానే ఆయన పోయారు. కోయిలకొండ కోట మీద సినారియో రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— కల్వకుర్తి

జవాబు: కోట మీద మొత్తం యుద్ధం రాయకు. ఒక దర్వాజా తీసుకో, ఒక గంట తీసుకో. పక్షానికి ఆరేడు బిళ్ళలు దాటొద్దు, ఎనిమిది వంతుల్లో అయిపోవాలి, లేకపోతే నీ దోస్తులు మొదటి ఆట కూడా పూర్తిచెయ్యరు. ముందు కోటకు వెళ్ళి నీళ్ళెక్కడున్నాయో చూడు, తర్వాత మెట్లు లెక్కపెట్టు. రాసింది నువ్వు ఆడొద్దు, వేరేవాళ్ళు ఆడుతుంటే పక్కన నోరుమూసుకుని కూర్చో, వాళ్ళు ఎక్కడ నీ వైపు చూస్తారో అక్కడ నీ రూలు అర్థం కాలేదన్నమాట. నీకు చరిత్ర దొరకని చోట కల్పించుకో, తప్పులేదు, కానీ అది కల్పన అని కాగితం మీదే రాయి. సారు అలాంటి చోట పక్కన చిన్న సున్నా చుట్టేవారు.

పెన్సిల్‌తో మొదలుపెట్టు. ఇంకొకటి, పటంలో వాగు గీస్తే అది ఎటు పారుతుందో బాణం గుర్తు వెయ్యి. సారు ప్రతిసారీ మర్చిపోయేవారు, మేం ప్రతిసారీ ఆట మధ్యలో ఆపి అడిగేవాళ్ళం.